కొత్తవాడి పేరు పాతవాడు చెప్పాలి

ట్రెంటన్, న్యూజెర్సీ
నవంబర్ 23, 1953

చిరంజీవి లియోకి,

మొన్న ఫిలడెల్ఫియాలో నీ ఆట చూశాను. చెప్పకుండా వచ్చాను, చెప్పకుండానే వెళ్లాను. చెప్పి వస్తే ఆట అయ్యాక "ఎలా ఉంది మామా?" అని నువ్వడుగుతావు, నేను నిజం చెబుతాను, ఆ తర్వాత మా అమ్మాయి ట్రూడీ నాతో మాట మానేస్తుంది. అందుకని ఉత్తరంలో చెబుతున్నాను. అది బాస్కెట్‌బాల్ కాదు.

బంతి గీత దాటగానే ఈల! ముందు వరసలో కూర్చున్న లావుపాటాయన తాపీగా లేచి, కోటు సర్దుకుని, బంతి తీసి మీ చేతికిస్తాడు. మీరు ఆయనకి థాంక్స్ చెబుతారు. ఇది ఆటా, పేరంటమా? మా రోజుల్లో ఆటస్థలం చుట్టూ రెండు నిలువుల ఇనపవల ఉండేది. బంతి వలకి తగిలి లోపలికే వచ్చేది, మనిషీ వలకి తగిలి లోపలికే వచ్చేవాడు. ఇంటికి వెళ్లి చొక్కా విప్పితే వీపంతా గళ్లు గళ్లుగా అచ్చు పడి ఉండేది. బయట నుంచి ఆడవాళ్లు టోపీ సూదులు తీసి పొడిచేవాళ్లు. నిన్ను ఎవరూ పొడవలేదు. పొడిస్తే బాగుండునని నాకే అనిపించింది.

పైగా ఆ క్విస్ట్ అనేవాడు ఒకడు. వాడూ మన ఊరివాడే కావడం మన ఖర్మ. ఎగరడు, ఉరకడు. బాస్కెట్ కింద నిలబడి చెయ్యెత్తుతాడు. వీధి దీపం స్తంభాన్ని తెచ్చి పాతినా అదే పని చేస్తుంది, భోజనం కూడా అడగదు.

ఇంకో సంగతి. ఇక్కడ కొత్త వ్యాయామశాల కడుతున్నారు. ఈ ఊళ్లో పుట్టి జీతానికి బంతాడిన గొప్పవాళ్ల పేర్లు అందులో ఒక గోడ మీద చెక్కిస్తారట. ఎవడి కాలంవాణ్ణి వాడే పొగుడుకుంటాడని కమిటీవాళ్లకి భయం పట్టుకుంది. అందుకని ఒక నియమం పెట్టారు. పాతవాడి పేరు కొత్తవాడు చెప్పాలి, కొత్తవాడి పేరు పాతవాడు చెప్పాలి. మనిషికి ఒకే కార్డు, కార్డుకి ఒకే పేరు. వలలో ఆడినవాళ్లం ముగ్గురమే మిగిలాం. ఒకడు క్విస్ట్ పేరు రాసి పంపేశాడు, వాడికి ముందు నుంచీ బుర్ర తక్కువే. రెండోవాడు తన మేనల్లుడి పేరు రాశాడు. నా కార్డు ఇంకా బల్ల మీదే ఉంది.

నీకూ కార్డు వచ్చే ఉంటుంది. ఎవరి పేరు రాసుకుంటావో నీ ఇష్టం. నేను అడగడం లేదు. అడిగానని ట్రూడీతో అనకు.

మీ మామ,
గస్ బ్రెన్నర్


రాచెస్టర్, న్యూయార్క్
డిసెంబర్ 9, 1953

మామగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ట్రూడీ నవ్వింది. నేను నవ్వలేదు. ముప్ఫై మైళ్ల దూరాన ఉన్న ఫిలడెల్ఫియాకి టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, అల్లుడికి మొహం చూపించకుండా పోయిన మనిషి పేరంటాల గురించి మాట్లాడకూడదు.

మీ కాలం ఆట నేను చూడలేదు కానీ దాని కథ ప్రతి క్రిస్మస్‌కీ వింటూనే ఉన్నాను. పద్దెనిమిది పదిహేడుతో గెలిచిన ఆ ఆఖరి పోటీ. అందులో పదమూడు పాయింట్లు మీవే. ఈ ఏడు బాతు మాంసం ముందు కూర్చుని ఎటూ చెబుతారు కనక ముందే ఒక ప్రశ్న అడుగుతున్నాను. ఆ పదమూడులో ఆట మధ్యలో మీరు వేసిన బాస్కెట్లు ఎన్ని? ఒక్కటి. మిగతా పదకొండూ ఫౌల్ షాట్లు. ఫౌల్ ఎవడు తిన్నా షాట్ వేసేది మాత్రం జట్టు మొత్తానికి ఒక్కడే అన్నది మీ రోజుల ఏర్పాటు. దెబ్బలు మీ జట్టులోని మో లాస్కర్ తిన్నాడు, పాయింట్లు మీరు తిన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. మన ఇంట్లో ఆ దానం మామగారే చేశారు.

పైగా ఒక్క బాస్కెట్ పడితే చాలు, పదిమందీ మధ్య గీతకి నడిచి వెళ్లి, రిఫరీ మళ్లీ బంతి ఎగరేసేదాకా నిలబడేవాళ్లు. సగం ఆట నడకే. అలాంటి ఆటలో గొప్పవాణ్ణి తేల్చాలంటే చెప్పులు కుట్టేవాణ్ణి అడగాలి, నన్ను కాదు.

కార్డు వచ్చింది. ట్రూడీ దగ్గర ఒక ఉపాయం ఉంది. "నువ్వు నాన్న పేరు రాయి, నాన్న నీ పేరు రాస్తాడు, నా ప్రాణానికి శాంతి" అంటోంది. నేను ఒప్పుకోలేదు. చూడని ఆటకి నేను సాక్ష్యం చెప్పను.

నా పేరు ఆ గోడ మీద ఉండాలని నాకు ఉంది. ఇందులో దాచుకోవడానికేమీ లేదు. ఎనిమిదేళ్లుగా రైలు పెట్టెల్లో పడుకుని ఊరూరా ఆడుతున్నాను. పేరున్నవాళ్లందరినీ కలిపి ఆడించే ఆల్‌స్టార్ ఆటకి నన్ను ఒక్కసారీ పిలవలేదు. ట్రెంటన్‌లో మా పింగాణీ ఫ్యాక్టరీ వీధిలోనైనా నా పేరు మిగలాలని ఉంది. అయినా అడుక్కోను.

లియో హావ్రనెక్


ట్రెంటన్
జనవరి 6, 1954

లియోకి,

లాస్కర్ పేరు నీ నోటితో ఎత్తకుండా ఉండాల్సింది.

అతను ఫౌల్ తిన్న ప్రతిసారీ ఏం జరిగేదో నీకు తెలుసా? ముక్కు నుంచి రక్తం కారుతూ నా దగ్గరికి వచ్చి, బంతి నా చేతిలో పెట్టి, "గస్, ఇది దండగ చేశావంటే నీ ముక్కు నేనే పగలగొడతా" అనేవాడు. అప్పుడు జనం వల పట్టుకుని ఊపేవాళ్లు. వలతో పాటు బాస్కెట్ ఊగేది. చుట్ట తాగేవాడొకడు నా మోచేతికి నిప్పు అంటించేవాడు. ఆ ఊగే బాస్కెట్‌లో నేను బంతి వేసేవాణ్ణి. మీకు బాస్కెట్ వెనక కదలని అద్దాల పలక, మైనం పూయని నేల, వేసేవరకు అందరూ నోరు మూసుకోవాలి. అయినా మొన్న నాలుగింటికి రెండు పోగొట్టావు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికి నీలాంటివాడు.

ఇక నీ కార్డూ నా కార్డూ. సంతలో గొడ్లు మార్చుకున్నట్టు పేర్లు మార్చుకోవడానికి నేనూ ఒప్పుకోను. ఈ ఒక్క విషయంలో నీకు వెన్నెముక ఉందని తెలిసింది. సంతోషం.

నా కార్డు నిన్న పంపేశాను. లాస్కర్ పేరు రాశాను. అతను నా కాలంవాడు, పోయి పదకొండేళ్లయింది, కాబట్టి ఆ కార్డు చెల్లదు. కమిటీ దాన్ని చెత్తబుట్టలో వేస్తుందని తెలుసు. వేయనీ. మాలా రెండు చేతులతో కాక ఒంటిచేత్తో బంతి విసిరే తరంలో ఒక్కడి పేరూ నేను రాయను. అందులో అల్లుడని మినహాయింపు లేదు.

ఏప్రిల్‌లో మేం ఆడిన పాత హాలు పడగొడుతున్నారు. అటక మీద పాత వల ఇంకా ఉంది. దాన్ని దించి కట్టి చివరి ఆట ఒకటి ఆడిస్తారట. మొదటి సగం మా నియమాలు, రెండో సగం మీ నియమాలు. నేను ఆడుతున్నాను. అరవై నాలుగేళ్లకి సిగ్గు లేదా అని ట్రూడీ అడుగుతుంది. లేదని చెప్పు. చూడని ఆటకి సాక్ష్యం చెప్పనన్నావుగా, వచ్చి చూడు.

గస్


రాచెస్టర్
ఫిబ్రవరి 2, 1954

మామగారికి,

చచ్చిపోయినవాడికి ఓటు వేశారు, బతికున్నవాడికి వేయడం ఇష్టం లేక. మంచిది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నవాణ్ణి గురించి విన్నాను కానీ, ఆ మాట నిలబెట్టుకోవడానికి నాలుగో కాలు నరికేసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

ఏప్రిల్‌లో వస్తాను. మీ వలలో మీ నియమాలతోనే మిమ్మల్ని ఓడిస్తాను. వీపు మీద రాసుకోవడానికి వెన్న సిద్ధంగా పెట్టుకోండి.

లియో


రాచెస్టర్
ఫిబ్రవరి 3, 1954

నాన్నా,

ఈ ఉత్తరం సంగతి లియోకి తెలియదు. తెలిస్తే నా మీద అరుస్తాడు.

ఆయన కుడి మోకాలు పోయింది. నవంబర్ నుంచీ ఆట ఉన్న ప్రతిసారీ నొప్పి తెలియకుండా మోకాల్లో సూది వేయించుకుంటున్నాడు. నువ్వు ఫిలడెల్ఫియాలో చూసి వెక్కిరించిన ఆట కూడా అలా ఆడిందే. "ఇదే నీ ఆఖరి ఏడాది బాబూ, కాదంటే కర్ర పట్టుకుని నడుస్తావు" అన్నాడు డాక్టరు. అందుకే ఆ గోడ, ఆ పేరు. నువ్వు ఊరికే కబుర్లు చెబుతున్నావనుకున్నాను. నిజంగానే కార్డు పాడుచేశావా?

నీ ఉత్తరం చదివి ఆయన బయటికి వెళ్లి మంచు ఎత్తిపోశాడు, మా గుమ్మం ముందుదీ పక్కింటివాళ్లదీ కూడా.

నీకెప్పుడూ అదేగా నాన్నా, ముందు విసిరెయ్యడం, తర్వాత చూసుకోవడం.

ట్రూడీ


ట్రెంటన్
మార్చి 11, 1954

లియోకి,

ఏప్రిల్ ఆటకి నువ్వు రానక్కర్లేదు.

హాలు కప్పు కారుతోంది. నేలకి మైనం రాశారు, ఆట అయ్యాక డాన్సు పెడతారట. అలవాటు లేనివాడు జారిపడతాడు. టిక్కెట్లు కూడా పెద్దగా అమ్ముడుపోలేదు. నీలాంటి వాడు వచ్చి ఇక్కడ పరువు పోగొట్టుకోవడం ఎందుకు? జలుబు చేసిందని టెలిగ్రాం ఇవ్వు. నేను నలుగురి ముందూ నిన్ను పిరికివాడని తిట్టేస్తాను, దానితో సరిపోతుంది.

ఒక పని మీద కమిటీ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి గుమాస్తాకి ఇంకా మీసం రాలేదు. "వచ్చిన కార్డు వెనక్కివ్వడం కుదరదు సర్" అని నాకే నియమాలు చదివి వినిపించాడు. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ చదివాడు. అంత శ్రద్ధగా బడిలో చదివి ఉంటే ఈ ఉద్యోగం చేసే ఖర్మ ఉండేది కాదు. ఏం పని మీద వెళ్లానో నీకు అనవసరం.

రావద్దని మళ్లీ చెబుతున్నాను. మంచు ఎక్కువ ఎత్తిపోయకు.

గస్


రాచెస్టర్
ఏప్రిల్ 20, 1954

మామగారికి,

మంచు మాట చదివినప్పుడే ట్రూడీ మీకు రాసిందని అర్థమైంది. అందుకే వచ్చాను. రావద్దనకపోతే రాకుండా ఉండేవాణ్ణేమో.

మీ ఊరి పత్రిక ఆ ఆటని తమాషాగా రాసింది. ముసలాయన నవ్వించాడట, కుర్రాళ్లు గెలిచారట. ఆ విలేకరి మధ్యలో బీరు తాగడానికి పోయి ఉంటాడు. జరిగింది జరిగినట్టు నేను చెబుతాను.

మొదటి సగం. బంతి నా చేతిలోంచి జారి వలకి తగిలింది. నేను ఆగిపోయాను. చెయ్యి పైకెత్తి రిఫరీ వైపు తిరిగాను, బంతి బయటికి పోయిందని. మీరు వల మీంచి వచ్చిన బంతిని అందుకుని బాస్కెట్‌లో వేసి, నా పక్క నుంచి వెళుతూ, "ఎవరి కోసం చూస్తున్నావు బాబూ, బస్సు కోసమా?" అన్నారు. మళ్లీ అదే జరిగింది. ఆగకూడదని బుద్ధికి తెలుసు, కాళ్లే వినలేదు. ఎనిమిదేళ్ల ఈల ఒంట్లో ఉండిపోయింది. వలకి ఆనించి నన్ను మోచేత్తో రుద్దారు కూడా. మీరన్నది నిజమే, గళ్లు పడతాయి.

రెండో సగం మా నియమాలు. మీరు బాస్కెట్ వేసి, పాత అలవాటున నిదానంగా నడుచుకుంటూ మధ్య గీతకి వెళ్లి, రిఫరీ బంతి ఎగరేస్తాడని నిలబడ్డారు. ఆ పద్ధతి ఎత్తేసి పదహారేళ్లయింది. మావాళ్లు బంతి అందించారు, నేను మీ పక్క నుంచే పోయి ఖాళీగా ఉన్న బాస్కెట్‌లో వేశాను. జనం నవ్వారు. నేనూ నవ్వాను. నా కాళ్లు నన్ను మోసం చేసినట్టే మీ కాళ్లూ మిమ్మల్ని మోసం చేశాయి, నవ్వకుండా ఎలా ఉంటాను?

మళ్లీ వేశారు, మళ్లీ మధ్యకి వెళ్లి నిలబడ్డారు. ఈసారి ఎవరో వెనక నుంచి "తాతా, ఇంటికి పో!" అని అరిచారు. నాకు ఒళ్లు మండిపోయింది. మిమ్మల్ని అనే హక్కు నాది, వాడిది కాదు. బంతి తీసుకుని మధ్యకి వచ్చి రిఫరీ చేతిలో పెట్టాను. "ఏంటయ్యా లియో ఇది?" అన్నాడాయన. "ఎగరెయ్యండి" అన్నాను. ఎగరేశాడు. మీరు ఎగిరారు, నేను ఎగరలేదు. బంతి మీరు కొట్టేశారు. "నా మీద జాలిపడతావురా వెధవా!" అని హాలంతా వినబడేలా తిట్టారు.

జాలి కాదు. ఆ రోజు సూది వేయించుకోలేదు. ఎగురుదామనే అనుకున్నాను, మోకాలు లేవలేదు.

నా కార్డు పంపేశాను. మీ పేరు రాశాను. మామగారని రాయలేదు. మామగారన్న సంగతి గుర్తుంటే చచ్చినా రాసేవాణ్ణి కాదు. మీరు పాడుచేసిన కార్డుకి బదులుగా, మిమ్మల్ని సిగ్గుపడేలా చేయాలనీ రాయలేదు. వల మీంచి బంతి ఎటు వస్తుందో మీరు ఒక్కసారి కూడా చూడలేదు. బంతి రాకముందే మీ చెయ్యి అక్కడ ఉంది. నేను ఈ దేశంలో పేరున్న ప్రతివాడితోనూ ఆడాను. ఆ క్విస్ట్‌తో సహా వాళ్లలో ఒక్కడికీ ఆ చెయ్యి లేదు. చూశాను కాబట్టి సాక్ష్యం చెప్పాను.

మీ ఫౌల్ షాట్ల గురించి నా అభిప్రాయం మారలేదు. మీ నడక గురించీ మారలేదు.

ఆట మానేస్తున్నానని జట్టువాళ్లకి నిన్న చెప్పాను. ఎవరూ బతిమాలలేదు.

లియో


ట్రెంటన్
జూన్ 15, 1954

లియోకి,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లు జవాబు రాయలేదంటే నోట మాట లేక అనుకోకు. తిట్లు ఎక్కువై ఏది ముందు రాయాలో తెలియలేదు.

నాకు సాక్ష్యం చెప్పమని ఎవడు అడిగాడు నిన్ను? నేను పారేసిన కార్డు నీది. ఆ సంగతి తెలిసీ నా పేరు రాశావు. ఇప్పుడు వీధిలోకి వెళితే చేపల దుకాణంవాడి దగ్గర నుంచీ అందరూ, "గస్, మీ అల్లుడిది ఎంత మంచి మనసయ్యా!" అంటున్నారు. వాళ్ల నోళ్లు పడిపోను. మంచి మనసుకీ దీనికీ సంబంధం లేదని చెబుతుంటే వినరే. ఆట తెలిసినవాడు కాబట్టి రాశాడు అంటే తలలూపి నవ్వుతారు. ఈ ఊళ్లో ఆట తెలిసినవాళ్లం మనమిద్దరమే మిగిలాం.

ఇక ఇది ఒక్కసారే రాస్తాను. ఎవరికైనా చూపిస్తే నా రాత కాదంటాను. నువ్వు నాకన్నా మంచి ఆటగాడివి. ఎన్నడూ కాలుపెట్టని వలలో, ఒంటి మోకాలితో, మా నియమాల్లోనే నా మీద నాలుగు బాస్కెట్లు వేశావు. నీ వయసులో, రెండు కాళ్లూ బాగున్నప్పుడు కూడా నేను అది చేసి ఉండేవాణ్ణి కాదు. నీ పేరు రాయాల్సింది. రాయలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఆ మీసం రాని వెధవ చుట్టూ తిరిగాను. నాకు చాలా బాధగా ఉంది. ఇక దీని గురించి మాట్లాడొద్దు.

గోడ సంగతి చెబుతాను. పేర్లు పెద్ద అక్షరాలతో చెక్కుతున్నారు. క్విస్ట్ పేరు వాడిలాగే నిలువునా పొడుగ్గా, గేటు దగ్గర నుంచే కనబడుతోంది. నా పేరు ఎలా వస్తోందో చూద్దామని ప్రారంభానికి వారం ముందు వెళ్లాను. రాతిమీద అప్పటికి సుద్దతో గీతలే గీశారు. ప్రతి పేరు కిందా సాక్ష్యం చెప్పినవాడి పేరు కూడా వేస్తున్నారని అప్పుడే తెలిసింది. నా పేరు కింద నీ పేరు ఉంది. చీమలు పాకినట్టు, చిటికెనవేలి గోరంత అక్షరాలు.

ఆ గుమాస్తానే అడిగాను. "మా అల్లుడి అక్షరాలు పెంచు."

"కుదరదు సర్. సాక్షి పేరు ఇంతకన్నా పెద్దగా ఉండకూడదు. నియమం."

"సరే, ఆటగాడి పేరు ఇంతకన్నా చిన్నగా ఉండకూడదని నియమం ఉందా?"

కాగితాలన్నీ తిరగేశాడు. చివరి దాకా చదివి, మళ్లీ మొదటికి వచ్చాడు. అలాంటి నియమం లేదు. అంత తిక్కవాడు ఒకడు ఉంటాడని కమిటీకి తట్టలేదు.

నా పేరు చెరిపించి, నీ అక్షరాల కొలతలోనే చెక్కించాను. పనివాడు, "ఇంత చిన్నగా రాస్తే ఎవరికీ కనబడదు పెద్దాయనా" అన్నాడు. నీ పని నువ్వు చూసుకోమన్నాను.

నిన్న ప్రారంభం అయింది. మేయరు మెడ పైకెత్తి, దూరం నుంచే అందరి పేర్లూ గడగడా చదివేశాడు. మన దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు, గోడకి దగ్గరగా వచ్చాడు, అయినా కనబడలేదు. చివరికి అంతమంది ముందూ నడుం వంచి, రెండు పేర్లూ ఒకే ఊపిరిలో చదివాడు.

మీ మామ,
గస్